మే నెలలో నిండు కాలవ

ప్రసన్నకుమారి టీచరుకి కథల్లో తప్పులు గిట్టవు. హైస్కూల్లో సోషల్ చెప్పీ చెప్పీ తగులుకున్న జబ్బని తోటి టీచర్లు అంటారు. సినిమాలో రాజమండ్రి నుంచి కాకినాడ వెళ్ళే రైలు దారిలో లేని గోదావరి వంతెన ఎక్కిందంటే ఆమెకి ఆ సినిమా అక్కడితో అయిపోయినట్టే. ఆ తర్వాత హీరో గుండెలు బాదుకుని ఏడ్చినా ఆమె కళ్ళు తడవవు. సీరియల్లో లూథరన్ చర్చికి వెళ్ళే ఇల్లాలు క్యాథలిక్కుల్లా మరియమ్మ విగ్రహం ముందు జపమాల తిప్పితే టీవీ కట్టేసి లేచిపోతుంది. రాసినవాడు ఒక్క ఆదివారం వచ్చి మా చర్చిలో వెనక బల్ల మీద కూర్చుంటే తెలిసేది కదా అంటుంది. ఇవన్నీ చిన్న కోపాలు. ఇంట్లోవాళ్ళు నవ్వుకుంటారు, కాసేపటికి ఆమె కూడా నవ్వేస్తుంది. యుగంధర్ గారి నవల చదివాక వచ్చిన కోపం అలాంటిది కాదు.

ఆ నవల ఆమె తమ్ముడి మీద రాసింది.

తమ్ముడి పేరు రాజ్ కుమార్. నిడదవోలుకి కూతవేటు దూరంలో ఉన్న చిట్టవరప్పాడులో తల్లి సంతోషమ్మతో ఉంటూ స్కూలు వ్యాను నడిపేవాడు. నాలుగేళ్ళ క్రితం జూన్‌లో ఊరి కాలవలో, చింతరేవు దగ్గర మునిగి చనిపోయాడు. జూన్ అన్న మాట ఇక్కడ ముఖ్యం. డెల్టాలో కాలవలకి ఒక పద్ధతి ఉంది. రెండో పంట దాళ్వా చేతికొచ్చే వేళకి, ఏప్రిల్‌లో నీళ్ళు కట్టేస్తారు. మరమ్మతులయ్యాక జూన్‌లో మళ్ళీ వదులుతారు. మధ్యలో కాలవంటే నెర్రెలిచ్చిన మన్ను, పగిలిన సీసాలు, సాయంత్రాలు క్రికెట్టు. ఇది ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేదు. ఇక్కడ పుట్టినవాడికి ఎండాకాలం అంటేనే ఎండిన కాలవ.

ఆ ఏడు ఆ ఎండిన కాలవలోకి దొరబాబు పొక్లెయిన్ దిగింది. దొరబాబంటే ఊళ్ళో పెద్ద తలకాయ. స్టేషన్ రోడ్డులో పల్లపు పొలం కొని లేఅవుట్ వేశాడు. ఆ పల్లం మెరక చేయడానికి మట్టి కావాలి. దూరం నుంచి తెప్పిస్తే డబ్బులవుతాయని చింతరేవు దగ్గర కాలవ అడుగు నిలువెత్తు లోతున తవ్వి టిప్పర్లతో తోలించాడు. ఊరు ఊరంతా చూసింది. జూన్‌లో నీళ్ళొచ్చాయి. పైకి చూస్తే ఏటా ఉండే కాలవే. రాజ్ కుమార్ చిన్నప్పటి నుంచి ఈదిన రేవు, ఛాతీ లోతుకి మించదని కాళ్ళకే తెలిసిన రేవు. వ్యాను డ్యూటీ అయ్యాక ఒంటికి సబ్బు రాసుకుని, కళ్ళు మూసుకునే లోపలికి నడిచాడు. గోతి అడుగు బురద కాళ్ళు పట్టేస్తే ఈత వచ్చి ఏం లాభం.

తర్వాత జరిగింది ఇంకా దారుణం. అక్కడ గుప్పెడు మట్టి కూడా తియ్యలేదని, మెరక మట్టంతా మెట్ట ప్రాంతం నుంచి తెప్పించానని దొరబాబు పోలీసులకి రాసిచ్చాడు. చూసిన ఊరు మాకేం తెలియదంది. ఎక్కడ పుట్టిందో, కుర్రాడు తాగి దిగాడట అని ఒక మాట పుట్టింది. రాజ్ కుమార్ తాగగా చూసినవాడు ఊళ్ళో ఒక్కడు లేడు, అయినా ఆ మాట మాత్రం చావలేదు. సంతోషమ్మ చర్చికి వెళ్ళినా, బజారుకి వెళ్ళినా ఆ మాట వెంటే వచ్చేది.

ఇలాంటి రోజుల్లో యుగంధర్ గారు వచ్చారు. రాజమండ్రిలో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. అన్నవరం అవతల మెట్ట ఊరు వాళ్ళది. పత్రికల్లో కథలు రాస్తారు, మంచి పేరుంది. పేపర్లో చిన్న వార్త చూసి మనసు కదిలిందట. సంతోషమ్మ పెట్టిన భోజనం చేసి, రాజ్ కుమార్ ఎలా నవ్వేవాడో, వ్యాను వెనక్కి తీస్తూ ఏ కీర్తన ఈల వేసేవాడో, అన్నీ అడిగారు. ప్రసన్న దాచకుండా చెప్పింది. ఉన్నదున్నట్టు రాస్తే నవల కాదని, కొంత కల్పిస్తానని ఆయన ముందే చెప్పారు. ఏదైనా కల్పించుకోండి, గొయ్యి మాత్రం ఉండాలని ఆమె కోరింది. ఆయన తల ఊపారు. పోలీసు కాగితంలో లేని నిజం పుస్తకంలోనైనా ఉంటుందని ప్రసన్న ఆశపడింది. ఆమెకి కావలసింది అదొక్కటే. తమ్ముడు తాగి చావలేదని, వాడి కింద నేల తవ్వేశారని ఎక్కడో ఒకచోట అచ్చులో ఉండాలి.

ఈ ఏడాది ఒంటిపూట బడులు మొదలైన రోజుల్లో నవల వచ్చింది. అచ్చుకి ముందే బహుమతి కూడా కొట్టింది. ప్రసన్నకి నిడదవోలులో కాపురం. మధ్యాహ్నం బడి అవగానే స్కూటీ మీద తల్లి దగ్గరికి వెళ్ళి, భోజనాలయ్యాక చదివి వినిపించేది.

ఎలా రాశారనుకున్నారు. మొదటి పేజీల్లోనే వ్యాను వెనక్కి వస్తూ ఈల వినిపించింది. సంతోషమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పుస్తకంలో కుర్రాడి పేరు మోహన్, అయినా తల్లికి పేరుతో పనేముంది. వాడే వచ్చి గుమ్మంలో చెప్పులు విడిచినట్టుంది. పోస్ట్‌మాస్టరు కూతురు ఆశాజ్యోతి అనే పిల్లని యుగంధర్ గారు కల్పించి మోహన్‌తో ప్రేమలో పడేశారు. అలాంటి పిల్ల నిజంగా ఎవరూ లేరు. ఎవరే ఆ అమ్మాయి అని తల్లి అడిగితే, ఎవరూ లేరమ్మా, కథ కోసం పెట్టారని ప్రసన్న చెప్పింది. ఉంటే బాగుండేది కదే అంది సంతోషమ్మ. మర్నాటి నుంచి ఆ లేని పిల్ల గురించి బెంగ పెట్టుకోవడం మొదలుపెట్టింది. వాళ్ళ నాన్న ఒప్పుకున్నాడా, వేరే సంబంధం చూస్తున్నారా అని కూతురు రాగానే అడిగేది. నాలుగేళ్ళుగా ఇలా దేన్ని గురించీ అడగని మనిషి. కూతురు చదువుతూ ఏడ్చేది, తల్లి వింటూ ఏడ్చేది, ఇద్దరికీ ఆ ఏడుపు హాయిగా ఉండేది.

ఆశాజ్యోతికి వేరే సంబంధం కుదిరిపోయింది. పెళ్ళి రోజొచ్చింది. ప్రసన్న పేజీ తిప్పింది.

"మే నెల మిట్టమధ్యాహ్నం. ఊరు నిద్రపోతోంది. కాలవ ఒడ్డులొరుసుకుంటూ నిండుగా పారుతోంది. అవతల మంగళవాద్యాలు మోగే వేళకి మోహన్ చింతరేవు మెట్లు దిగాడు."

ఆమె చదవడం అక్కడ ఆగిపోయింది. తల్లి, ఏడుపు వల్ల ఆగిందనుకుని, చదవవే అంది. ప్రసన్న ఆ వాక్యాలే మళ్ళీ చదివింది. సంతోషమ్మ "మే నెలా?" అంది. ప్రసన్న పుస్తకం వైపు చూస్తూ అవునంది. సంతోషమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఇదెవరి కథోలే" అని లేచి, చేటలో బియ్యం పోసుకుని ఏరడానికి వసారాలోకి వెళ్ళిపోయింది. ఆ రోజే కాదు, ఆ తర్వాత ఎంత బతిమాలినా ఆమె ఆ పుస్తకం ముందు కూర్చోలేదు. నాలుగేళ్ళ తర్వాత ఇంటికొచ్చిన కొడుకు ఆ ఒక్క వాక్యంతో గుమ్మం దిగి వెళ్ళిపోయాడు.

ప్రసన్న మిగిలిన పేజీలు ఒక్కతే చదివింది. ఒళ్ళు మండిపోయింది. మే కాబట్టి జూన్ లేదు. జూన్ లేదు కాబట్టి కొత్త నీళ్ళు లేవు, తవ్విన గొయ్యి లేదు. పిల్ల దక్కలేదని కుర్రాడు తనంతట తనే దూకి చచ్చాడు. తాను అంతగా చెప్పిన గోతిని ఆ పెద్దమనిషి కూరలో కరివేపాకులా ఏరి పక్కన పెట్టేశారు.

ఫోన్ చేసింది. ఆయన సంబరంగా ఎత్తారు. చదివారా, ఏడిపించానా అని అడిగారు. ఏ కాలవలో మే నెలలో నీళ్ళు చూశారు సార్ అని ప్రసన్న అడిగింది. ఆయన చిన్నగా నవ్వారు. తమది మెట్ట అని, వాళ్ళకి చెరువులే గానీ కాలవలుండవని, కట్టేస్తారన్న సంగతే తట్టలేదని ఒప్పుకున్నారు. ఆమె జూన్ అని చెప్పింది గుర్తుందట. కానీ కథలో పెళ్ళి ముహూర్తం మేలో పడిందట. పైగా ఆ సన్నివేశానికి ఎండ కావాలట.

"చదివేవాళ్ళకి నెల గుర్తుండదండీ. బాధ గుర్తుంటుంది" అన్నారాయన.

"బాధ దాకా మమ్మల్ని వెళ్ళనిచ్చారా సార్? మా తమ్ముడికి లేని అమ్మాయిని ఇచ్చారు, నమ్మాను. మా అమ్మ ఆ పిల్ల కోసం అన్నం మానేసినంత పని చేసింది. వాణ్ణి లేని నీళ్ళలో ముంచారు. అదెలా నమ్మమంటారు?"

యుగంధర్ గారు చెడ్డవారు కాదు. వెంటనే తగ్గారు. రెండో ముద్రణలో మే తీసేసి జూన్ అని మార్పిస్తానన్నారు. ఒక్క మాటే కదా అన్నారు. ఒక్క మాట కాదని ప్రసన్న చెప్పింది. జూన్ అయితే గొయ్యి రావాలి, గొయ్యి వస్తే తవ్వినవాడు రావాలి, వాడొస్తే మోహన్ తనంతట తాను చావడానికి వీల్లేదు. అలా చేస్తే అది రాజకీయమైపోతుందని, తనది ప్రేమకథని ఆయన నసిగారు. ప్రసన్న ఫోన్ పెట్టేసింది. పెట్టేశాక ఇంకా నాలుగు మాటలు అనాల్సిందని రెండ్రోజులు ఉడికిపోయింది.

ఇంతలో పుస్తకం ఊళ్ళోకి వచ్చింది. తమ ఊరి మీద నవలంటే ఎవరికి సరదా ఉండదు. చదివినవాళ్ళు చదవనివాళ్ళకి చెప్పారు. అందరి నోటా ఒకటే వేళాకోళం. మే నెలలో దూకితే నడుం విరుగుద్ది గానీ మునుగుతాడేంట్రా అని టీ కొట్టు దగ్గర ఒకడన్నాడు. క్రికెట్టు ఆడే కుర్రాళ్ళ మధ్య పడి చచ్చాడేమో అని ఇంకొకడన్నాడు. మోహన్ ఎవరో వాళ్ళలో చాలామందికి తట్టలేదు. తట్టినవాళ్ళు కూడా నవ్వారు. చావు తాగుడయ్యింది, తాగుడు ప్రేమయ్యింది, ఇప్పుడు ప్రేమ కాస్తా జోకయ్యింది. ఏడవాల్సిన చోట ఊరు నవ్వుతోంటే ప్రసన్నకి అరికాలి మంట నెత్తికెక్కింది.

దీనికి తోడు మే నెలలో సన్మానసభ ఒకటి పెట్టారు. ఊరికి పేరు తెచ్చిన రచయితకి ఊరి కల్యాణ మండపంలో శాలువా కప్పుతారు. ముఖ్య అతిథి దొరబాబు. భోజనాలు కూడా ఆయనవే. కరపత్రం చూసి ప్రసన్న నిర్ణయం తీసేసుకుంది. సభలో లేచి నిలబడి, అందరి ముందూ యుగంధర్ గారిని కడిగేయాలి. ఆయన చేతే ఇది తప్పని చెప్పించాలి. తల్లిని రావద్దంది. అయినా సంతోషమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని బయల్దేరింది.

మండపం నిండా జనం. కూలర్ల చప్పుడు. వెనక వరసలో చోటు దొరికితే తల్లీకూతుళ్ళు కూర్చున్నారు. వేదిక మీద యుగంధర్ గారు, పక్కన తెల్ల చొక్కాలో దొరబాబు. చప్పట్లు, దండలు, ఎవరెవరో ఏవేవో మాటలు. ప్రసన్నకి అవేవీ చెవికెక్కడం లేదు. అడగాల్సిన మాటలు లోపల పేర్చుకుంటోంది. అప్పుడు సభాధ్యక్షుడు మోహన్ చనిపోయే ఘట్టం రచయితగారి నోటే విందామన్నాడు. యుగంధర్ గారు ఆమెని చూశారో లేదో గానీ పుస్తకం తెరిచారు.

ఆయన బాగా చదువుతారు. ఆ మాట ఒప్పుకోవాలి. మోహన్ చివరిసారి ఆశాజ్యోతి కోసం పోస్టాఫీసు ముందు వ్యాను ఆపి ఎదురుచూసే చోట మండపంలో చంటిపిల్లలు కూడా నోరు మూశారు. టీ కొట్టు దగ్గర వేళాకోళం చేసినవాళ్ళే తలలు వంచుకుని వింటున్నారు. దొరబాబు అయితే పూర్తిగా కరిగిపోయాడు. మనిషి మెత్తనివాడు మరి, సినిమాకి వెళ్ళినా ఏడుస్తాడని పేరు. పుస్తకం చదివినట్టు లేదు, మోహన్ ఎవరో తట్టినట్టూ లేదు, ఇప్పుడే మొదటిసారి వింటున్నాడు. పిల్ల మేడ మీద నుంచి చూసి లోపలికి వెళ్ళిపోయిన చోట కండువాతో కళ్ళొత్తుకున్నాడు.

"మే నెల మిట్టమధ్యాహ్నం" అని చదివారు యుగంధర్ గారు. ఆ మాట దగ్గర కొంచెం తడబడ్డారు, అయినా ఆపలేదు. "కాలవ ఒడ్డులొరుసుకుంటూ నిండుగా పారుతోంది."

మధ్య వరసల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. దాంతో మండపంలో సగం మంది నవ్వేశారు. ఆపుకుందామన్నా ఆగని నవ్వు. ప్రసన్న పక్కకి చూసింది. సంతోషమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని, నవ్వేవాళ్ళ వీపులు చూస్తోంది. ప్రసన్నకి యుగంధర్ గారి మీద ఉన్న కోపం చటుక్కున ఆ జనం మీదకి మళ్ళింది. లేచి నిలబడింది. నవ్వకండి అని అరవబోయింది.

ఈలోగా వేదిక మీద దొరబాబు మైకు అందుకున్నాడు. ఏడుపు నుంచి ఇంకా పూర్తిగా తేరుకోలేదు, గొంతు బొంగురుగానే ఉంది. నీళ్ళు నిండిన కళ్ళతో, మంచి నిద్రలోంచి ఎవరో తట్టి లేపినట్టు విసుగ్గా ఉన్నాడు.

"నవ్వకూడదండీ. రచయితగారు మెట్టవారు, వారికేం తెలుస్తుంది. బ్రహ్మాండంగా రాశారు, నాకే ఏడుపాగలేదు. అంతా బాగుందండి, ఈ మే నెల దగ్గరే మనసు విరిగిపోయింది" అని యుగంధర్ గారి భుజం మీద చెయ్యేశాడు. "చింతరేవు సంగతి నన్నడిగితే చెప్పేవాణ్ణి కదండీ. మే నెలలో అందులో నీళ్ళెక్కడివి? ఓ ఏడాదైతే మే నెలంతా నా పొక్లెయినే కదా అందులో ఉంది. స్టేషన్ రోడ్డు లేఅవుట్ మెరక మట్టంతా ఆ రేవు అడుగుదే. నీళ్ళుంటే మెషీన్ దిగుద్దాండీ?"

ముందు వరసలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. దొరబాబుకి ఇంకా తెలియలేదు. కథలో తప్పు పట్టుకున్న ఆనందంలో జనం వంక చూస్తున్నాడు, చప్పట్లు కొట్టరేంటన్నట్టు.

ప్రసన్న వరసల మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్ళి వేదిక ఎక్కింది. ఎవరూ ఆపలేదు. పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ ఇప్పుడు పనికిరాదు. ఆమె యుగంధర్ గారి వైపు చూడను కూడా చూడలేదు.

"ఆ మట్టి మెట్ట నుంచి తెప్పించానని మీరు పోలీసులకి రాసిచ్చారు దొరబాబు గారూ" అంది.

దొరబాబు ముఖంలో రంగు మారింది. మైకు కిందికి దించాడు. "నేను కథలో ఉన్న తప్పు చెప్పానమ్మా. అంతే" అన్నాడు.

"సరిగ్గానే పట్టుకున్నారండి. ఈ పుస్తకంలో ఉన్నది మా తమ్ముడు. ఇందాక మీరు కండువా అడ్డం పెట్టుకుని ఏడ్చింది రాజ్ కుమార్ కోసం. మీరు తవ్విన గోతిలోకి సబ్బు రాసుకుని నడిచాడే, వాడి కోసం."

యుగంధర్ గారు చేతిలో పుస్తకం మూసేశారు. దొరబాబు తలుపు వైపు చూశాడు. తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళు పక్కకి జరగలేదు. వాళ్ళలో నాలుగేళ్ళ క్రితం మాకేం తెలియదన్నవాళ్ళే ఎక్కువ. ఇప్పుడు వాళ్ళు కూడా ఆయన ముఖంలోకే చూస్తున్నారు.

ప్రసన్న దొరబాబు చేతిలో మైకు మళ్ళీ ఆయన నోటి దగ్గరికి ఎత్తింది.

"మే నెల సంగతి చెప్పారు కదండీ. ఇప్పుడు జూన్ సంగతి చెప్పండి" అంది.

వెనక వరసలో సంతోషమ్మ లేచి, తన కుర్చీ తనే మోసుకుంటూ వచ్చి, వేదిక ముందు వేసుకుని కూర్చుంది.